మొదటి ట్రాక్ డేకి అద్దె బండి: ఇరుంగాట్టుకోట్టైలో ఏది తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి

హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలో ఉన్నా, తిరుపతిలో ఉన్నా, బండి పిచ్చి ఉన్నవాళ్లు మొదటిసారి ట్రాక్ ఎక్కాలనుకుంటే దారి ఎక్కువగా చెన్నైకే పోతుంది. శ్రీపెరుంబుదూర్ దగ్గర, చెన్నై–బెంగళూరు హైవే పక్కన, ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి సర్క్యూట్ ఉంది. పాతవాళ్లు ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అంటారు, ఇప్పటి పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990లో మొదలైంది. ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు, గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. ట్రాక్ డే అంటే పోటీ లేకుండా, డబ్బు కట్టి ట్రాక్ మీద బండి నడిపే రోజు. ఇక్కడ మొదటి ట్రాక్ డేకి అద్దెకి దొరికే బండ్లు ఎలా ఉంటాయి, ఎవరి దగ్గర తీసుకుంటే మంచిది, ఎక్కడ మోసపోతారు అన్నది ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తాం. మొదటి రోజుకి అద్దె బండే మేలు. అందులోనూ 150 నుంచి 200 సీసీ బండి, రోడ్డు టైర్లతో, మామూలు గేర్ వరసతో, శిక్షణతో కలిపి ఇచ్చేది అన్నిటికన్నా మేలు. 310, 390 సీసీ బండ్లది రెండో స్థానం. గాట్లు లేని స్లిక్ టైర్లు వేసి పూర్తిగా రేసుకి తయారుచేసిన బండి ఎంత తక్కువకి ఇచ్చినా మొదటి రోజుకి వద్దు. ఊళ్లో రోజు అద్దెకిచ్చే షాపుల బండి మాత్రం ఏ పరిస్థితిలోనూ తీసుకెళ్లకండి.

సొంత బండి ఎందుకు కాదు

హైదరాబాద్ నుంచి చెన్నైకి సుమారు 630 కిలోమీటర్లు. ఆ దూరం సొంత బండి మీద వెళ్తే ట్రాక్ చేరేసరికి నడుము పట్టేస్తుంది, మణికట్లు లాగేస్తాయి. హైవే మీద అంత దూరం తిన్నగా నడిస్తే వెనక టైరు మధ్యభాగం బల్లపరుపుగా అరుగుతుంది. ఆ టైరుతో బండిని మలుపులో వాల్చినప్పుడు మొదట కదలనన్నట్టు మొరాయించి, తర్వాత ఒక్కసారిగా పక్కకి పడిపోతున్నట్టు వాలుతుంది. కొత్తవాళ్లని భయపెట్టేది ఆ కదలికే.

అంతకన్నా పెద్ద సమస్య తిరుగు ప్రయాణం. ట్రాక్ మీద చిన్న స్లిప్ అయినా క్లిప్-ఆన్ హ్యాండిల్ వంగుతుంది, బ్రేక్ లీవర్ విరుగుతుంది, కుడి ఫుట్‌రెస్ట్ ఊడుతుంది. అలాంటి బండితో ఇంటికి రాలేరు. రైల్లో పార్సిల్ వెయ్యాలన్నా ట్యాంకులో పెట్రోలు మొత్తం తీయించి, ప్యాకింగ్ చేయించి, స్టేషన్ చుట్టూ తిరగాలి. నెల్లూరు, తిరుపతి వాళ్లకి ఈ కష్టం తక్కువే. కానీ బీమా సంగతి అందరికీ ఒకటే. మన మోటారు పాలసీల్లో వాడకం మీద పరిమితులు అని ఒక భాగం ఉంటుంది. రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్ వంటి వాటికి కవరేజీ ఉండదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదని మీరు వాదించొచ్చు. క్లెయిము దగ్గర ఆ వాదన నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. సొంత బండి పడితే ఖర్చు పూర్తిగా మీదే, దానికి పైపరిమితి ఉండదు. అద్దె బండి విషయంలో ఆ పరిమితిని కాగితం మీద ముందే రాయించుకోవచ్చు. అద్దెకి మా ఓటు పడటానికి అసలు కారణం ఇదే.

ఊరి అద్దె షాపు బండి ఎందుకు వద్దన్నామంటే, వాళ్ల ఒప్పందంలోనే రేసులకీ ట్రాక్‌కీ వాడకూడదని రాసి ఉంటుంది. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండి సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండి. దాని బీమా కూడా ట్రాక్ మీద పనికిరాదు. పైగా దాని టైర్లూ బ్రేకులూ ఏ స్థితిలో ఉన్నాయో షాపువాడికే తెలియదు. తెల్ల ప్లేటు బండిని ఎవరైనా అద్దెకిస్తామంటే అక్కడే ఆగిపోండి. సొంత వాడకానికి రిజిస్టరైన బండిని అద్దెకివ్వడమే నిబంధనలకు విరుద్ధం.

ఎవరి దగ్గర దొరుకుతాయి

ట్రాక్ అద్దెలు మూడు రకాలు. మొదటిది కంపెనీలే నడిపే శిక్షణ రోజులు. టీవీఎస్ రేసింగ్ వాళ్ల అపాచీ రేసింగ్ ఎక్స్‌పీరియన్స్ ఈ కోవలోదే. బండి మామూలుగా వాళ్లది, మెకానిక్ వాళ్లవాడు, నేర్పేది ఆ కంపెనీకి రేసులాడినవాళ్లు. ఇలాంటి వాటిలో సీటు దొరికితే వేరే ఆలోచన పెట్టుకోవద్దు. మొదటిసారి వచ్చేవాళ్లు ఏం తప్పులు చేస్తారో వాళ్లకి వందలసార్లు చూసిన అనుభవం ఉంటుంది. బండ్లన్నీ ఒకే రకం కాబట్టి, ట్రాక్ మీద మీ పక్కనుంచి లీటర్ (1000 సీసీ) బండి దూసుకుపోయే బెడద ఉండదు. లోటు ఒక్కటే. తేదీలు వాళ్లు చెప్పినప్పుడే ఉంటాయి, సీట్లు త్వరగా నిండిపోతాయి.

రెండోది రైడింగ్ స్కూళ్లు. అమెరికా రైడింగ్ కోచ్ కీత్ కోడ్ 1980లో మొదలుపెట్టిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ చెన్నైలో కూడా తరగతులు పెడుతుంది. అక్కడ మొదటి లెవెల్లో నేర్పేవి ఐదే: యాక్సిలరేటర్ అదుపు, మలుపు తిప్పే చోటు ఎంచుకోవడం, బండిని చురుగ్గా తిప్పడం, హ్యాండిల్ మీద అనవసర బలం పెట్టకపోవడం, చూపుని రెండు అంచెల్లో కదపడం. ఇలాంటి స్కూలుకి వెళ్తుంటే బండి వాళ్లే ఇస్తారా, వేరేగా తెచ్చుకోవాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. ఏడాదికో లెక్క ఉంటుంది.

మూడోది ప్రైవేటు రేసింగ్ టీములు, ట్యూనింగ్ షాపులు. సీజన్ మధ్య ఖాళీగా ఉన్న రేసు బండ్లని ట్రాక్ డేలకి అద్దెకిస్తారు. మంచివాళ్లూ ఉన్నారు, పోయిన రేసులో పడ్డ బండిని ఫెయిరింగ్ (బండి చుట్టూ ఉండే తొడుగు) మార్చి నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఈ మూడో రకం గురించే, ఎందుకంటే తేదీ దొరికేది ఎక్కువగా వీళ్ల దగ్గరే, జాగ్రత్త పడాల్సిందీ వీళ్ల దగ్గరే.

ఏ బండి

యమహా ఆర్15 వీ4: 155 సీసీ, 18.4 పీఎస్, బరువు 142 కేజీలు. మొదటి రోజుకి మా మొదటి ఎంపిక ఇదే. తక్కువ శక్తి అని చిన్నచూపు చూసేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ బండితో తిన్నటి దారిలో సంపాదించేది ఏమీ ఉండదు, అందుకే మలుపులో ఎంత వేగం నిలబెట్టుకోగలరో నేర్చుకోక తప్పదు. బ్రేకు ముందే వేసేస్తే ఆ పోయిన వేగాన్ని ఇంజిన్ తిరిగి ఇవ్వదు, కాబట్టి మీ తప్పు ఆ చుట్టులోనే మీకు తెలిసిపోతుంది. తేలికైన బండి కాబట్టి మలుపులో కొంచెం వేగంగా వెళ్లినా సర్దుకునే వీలుంటుంది. స్లిప్పర్ క్లచ్ ఉండటంతో గేర్లు హడావుడిగా దించినా వెనక చక్రం అంతగా ఎగరదు. 7,400 ఆర్‌పీఎం దగ్గర వాల్వ్ టైమింగ్ మారి ఇంజిన్ లాగుడు పెరుగుతుంది. మలుపు మధ్యలో ముల్లు అంతకన్నా పైనే ఉండేలా గేరు ఎంచుకుంటే బయటికి వచ్చేటప్పుడు మూలగదు. ఆరడుగులు దాటినవాళ్లకీ, 90 కేజీలు దాటినవాళ్లకీ ఇది ఇరుకే. వాళ్లు కింద చెప్పిన అపాచీ చూడొచ్చు.

అపాచీ ఆర్‌ఆర్ 310: 312 సీసీ, పాతవి 34 పీఎస్, 2024లో వచ్చినవి 38 పీఎస్. సీటు ఎత్తు 810 మి.మీ. కాబట్టి సగటు ఎత్తువాళ్లకీ రెండు కాళ్లూ బాగానే అందుతాయి. నాలుగు రైడింగ్ మోడ్లు ఉన్నాయి. పాత 34 పీఎస్ బండిలో అర్బన్, రెయిన్ మోడ్లు శక్తిని 25.8 పీఎస్‌కి తగ్గిస్తాయి. మొదటి రెండు సెషన్లు అర్బన్‌లోనే తిరగండి. దారి గుర్తుపట్టడానికి ఆ శక్తి చాలు, కుడిచేయి తొందరపడినా వెనక టైరు ఊరుకుంటుంది. కంపెనీ అదనంగా ఇచ్చే కిట్ వేసిన బండ్లలో సస్పెన్షన్ సర్దుకోవచ్చు, ఫుట్‌రెస్టులు వెనక్కీ పైకీ జరిగి ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కి కూర్చుని చూశాకే ఒప్పుకోండి.

కేటీఎం ఆర్‌సీ 390: 373 సీసీ, 43.5 పీఎస్. అద్దెకి ఎక్కువమంది అడిగేదీ ఎక్కువమంది పడేసేదీ ఇదే. బండి చెడ్డది కాదు, చాలా మంచిది. సింగిల్ సిలిండర్ లాగుడు కింది నుంచే గట్టిగా ఉంటుంది. కొత్తవాళ్లు మలుపు పూర్తిగా తిరగకముందే రేజ్ ఇస్తారు, చల్లని టైరు మీద అదే ప్రమాదం. 2022 నుంచి వచ్చిన మోడల్లో ట్రాక్షన్ కంట్రోలూ, మలుపులో పనిచేసే ఏబీఎస్సూ ఉన్నాయి. దొరికితే అదే అడగండి. కానీ అద్దె బండ్లలో ఎక్కువ పాత మోడళ్లే. సూపర్‌మోటో మోడ్‌లో పెడితే వెనక చక్రానికి ఏబీఎస్ ఉండదని గుర్తుంచుకోండి. ముందటి వ్యక్తి అలాగే వదిలేసి ఉండొచ్చు, ఎక్కగానే మీటర్లో చూసుకోండి. పాత బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో, సిలిండర్ హెడ్ అతుకు దగ్గర తడి ఉందో లేదో చూడాలి. చెన్నై ఎండలో ఇంజిన్ వేడెక్కిపోయి సెషన్ మధ్యలో పిట్‌కి (బండ్లు ఆపుకునే చోటికి) రావాల్సి వస్తే ఆ డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

600 సీసీ, లీటర్ బండ్లు ఎవరైనా అద్దెకిస్తామన్నా మొదటి రోజుకి తీసుకోవద్దు.

గేర్ వరస తిరగేసి ఉందా

అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది అడగరు. రేసు బండ్లలో గేర్ వరస తరచూ తిరగేసి ఉంటుంది. ఒకటో గేరు పైకి, మిగతావన్నీ కిందికి. ఎడమ మలుపులో బండి బాగా వాలి ఉన్నప్పుడు పాదం లివర్ కిందికి దూర్చే చోటు ఉండదు కాబట్టి రేసర్లు అలా మార్చుకుంటారు. రోడ్డు మీద ఏళ్లుగా అలవాటైన కాలు దీన్ని ఒక్క పూటలో నేర్చుకోదు. తిన్నటి దారి చివర ఐదో గేరు నుంచి ఆరుకి వెయ్యబోయి నాలుగుకి వేస్తే ఇంజిన్ మీటర్లో ఎర్ర గీత దాటి అరుస్తుంది, వెనక చక్రం పట్టేస్తుంది, వాల్వులు వంగే ప్రమాదమూ ఉంటుంది. ఇంజిన్ గీత దాటి తిప్పితే వచ్చే నష్టాన్ని దాదాపు ప్రతి ఒప్పందమూ మీ ఖాతాలోనే రాస్తుంది.

కాబట్టి మామూలు వరసకి మార్చి ఇస్తారా అని బుకింగ్ రోజే అడగండి. లింకేజీ తిప్పి బిగిస్తే చాలా బండ్లలో పది నిమిషాల పని. కుదరదంటే వేరే బండి చూసుకోండి. క్లచ్ పట్టకుండా గేరు మార్చే క్విక్ షిఫ్టర్ ఉంటే అది పైకి మాత్రమే పనిచేస్తుందా, కిందికి కూడానా అని కూడా అడగాలి. పైకి మాత్రమే పనిచేసేదాన్ని క్లచ్ లేకుండా దించితే గేర్‌బాక్స్ దెబ్బతింటుంది.

టైర్లు

రోడ్డు స్పోర్ట్ టైరు రెండు చుట్లలో వేడెక్కి పట్టు ఇస్తుంది. స్లిక్ టైరు అలా కాదు, వార్మర్లతో (టైరుకి చుట్టే వేడి దుప్పట్లతో) 80 డిగ్రీల దాకా వేడిచేసి, ఆ వేడి నిలబెట్టేంత వేగంగా నడిపితేనే పట్టు. మొదటిరోజు వేగంతో అది చల్లబడుతుంది. పట్టు ఉందనుకుని వాల్చిన చోట జారుతుంది. రేసు టైర్లు వేశాం సార్, అతుక్కుపోతుంది అని అద్దెవాళ్లు గొప్పగా చెబుతారు. అది కొత్తవాళ్లకి సౌకర్యం కాదు.

టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. మూడేళ్లు దాటిన టైరుని ట్రాక్‌కి ఒప్పుకోవద్దు, గాట్లు ఎంత లోతుగా ఉన్నా సరే. తర్వాత అంచులు చూడండి. నీలిరంగు మెరుపు తిరిగి గాజులా నున్నగా ఉంటే చాలాసార్లు వేడెక్కి చల్లారిన టైరు. గోరుతో నొక్కండి, గట్టి చెక్కలా అనిపిస్తే వద్దు. రెండువైపులా అంచులు పోల్చండి. సర్క్యూట్ గడియారం వైపు తిరుగుతుంది కాబట్టి కుడివైపు ఎక్కువ అరుగుతుంది.

ఈ చివరి విషయంలోనే ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కుడి మలుపులు ఎక్కువగా తిరుగుతుంటే టైరు ఎడమవైపు సరిగా వేడెక్కదు. కుడివైపు బాగా పట్టు దొరుకుతోందన్న ధైర్యంతో ఎడమ మలుపునీ అంతే వాల్చేస్తారు, ముందు చక్రం జారిపోతుంది. మొదటి రెండు చుట్లలో ఎడమ మలుపుల్ని ప్రత్యేకంగా నెమ్మదిగా తీసుకోండి. భోజనం తర్వాతి సెషన్లో మళ్లీ మొదటి నుంచే మొదలుపెట్టాలి, టైరు చల్లారి ఉంటుంది.

గాలి: కంపెనీ చెప్పినదానికన్నా ఒకటి రెండు పీఎస్‌ఐ తక్కువతో, అంటే ఈ బండ్లలో చాలావాటికి ముందు 28 దగ్గర, చల్లగా ఉండగా కొలిచి మొదలుపెట్టండి. సెషన్ అయి పిట్‌లోకి రాగానే మళ్లీ కొలిస్తే 31 నుంచి 33 మధ్య ఉండాలి. 35 దాటితే టైరు ఉబ్బి నేల మీద ఆనే జాగా తగ్గుతుంది, బండి మంచు మీద నడుస్తున్నట్టు తేలిపోతుంది. గాలి ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే టైరులో దాదాపు 1.4 పీఎస్‌ఐ పెరుగుతుంది. పొద్దున 7 గంటలకి పెట్టిన గాలి మధ్యాహ్నం 2కి సరిపోకపోవడానికి కారణం ఇదే. గేజి మీ సొంతది తెచ్చుకోండి. రోజంతా ఒకే గేజితో కొలిస్తే అది కొంచెం తప్పు చూపించినా తేడా అయితే సరిగ్గా తెలుస్తుంది.

బండి చేతికిచ్చేముందు పదిహేను నిమిషాలు

బ్రేకు: ముందు లీవర్ గట్టిగా నొక్కి 30 సెకన్లు అలాగే పట్టుకోండి. మెల్లగా హ్యాండిల్ వైపు దిగుతూ ఉంటే మాస్టర్ సిలిండర్ సీలు పోతోంది. మెత్తగా స్పాంజిలా ఉంటే లైనులో గాలి ఉంది. రిజర్వాయర్లో ఫ్లూయిడ్ లేత పసుపులో ఉండాలి, టీ డికాక్షన్ రంగుకి వచ్చిందంటే పాతబడింది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు మరిగేది కనీసం 230 డిగ్రీల దగ్గర. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. చెన్నై సముద్రపు గాలిలో తేమకి కొదవ లేదు. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, సెషన్ చివర్లో లీవర్ ఖాళీగా లోపలికి పోతుంది. చివరిసారి ఎప్పుడు మార్చారని అడగండి. ఈ సీజన్లోనే అని వెంటనే జవాబు రాకపోతే అక్కడే బ్లీడ్ చేసి (పాత ఫ్లూయిడూ గాలీ తీసేసి) ఇమ్మనండి. ప్యాడ్లు 3 మి.మీ. కన్నా తక్కువ ఉంటే మార్పించండి.

యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. హ్యాండిల్ ఇటుచివర, అటుచివర, రెండు చోట్లా ఇదే చెయ్యండి. పడిన బండ్లలో వంగిన క్లిప్-ఆన్‌కి గ్రిప్ రాసుకుని ఇరుక్కుంటుంది. ముందు చక్రం స్టాండు మీద లేపి హ్యాండిల్‌ని ఒక వేలితో అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఒక చోట టిక్కుమని ఆగితే స్టీరింగ్ బేరింగుల్లో గుంట పడింది. ఫోర్కు రాడ్ల మీద నూనె ఉంగరం ఉంటే సీలు కారుతోంది. ఆ నూనె డిస్కు మీదికి చేరితే బ్రేకు ఉండదు. చైను కింది వరస మధ్యలో వేలితో కదిపితే స్వింగార్మ్ స్టిక్కర్ మీద రాసినంతే కదలాలి. మరీ బిగుతుగా ఉంటే వదులుకన్నా ప్రమాదం, సస్పెన్షన్ దిగినప్పుడు చైను అడ్డుకుంటుంది. యాక్సిల్ నట్లూ కాలిపర్ బోల్టులూ మీ ముందే బిగించి చూపించమని అడగడంలో మొహమాటం పడవద్దు. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకి తీగ కట్టి ఉంటే ఆ టీము పని తెలిసినవాళ్లదని అర్థం. కిల్ స్విచ్ ఇంజిన్ నడుస్తుండగా ఒకసారి నొక్కి చూడండి.

సైడ్ స్టాండు ఉండదు, తీసేస్తారు. ఆపాక బండిని పట్టుకునే మనిషీ, చక్రం లేపి నిలబెట్టే ప్యాడాక్ స్టాండూ ఎవరివో ముందే తేల్చుకోండి. అలసిపోయి పిట్‌లో ఆగి, అలవాటుగా కాలితో స్టాండు వెతికి బండి పడేసినవాళ్లు లెక్కలేనంతమంది. ఆ డబ్బూ అడ్వాన్సులోంచే కోస్తారు.

కాగితం

అద్దె ఎంత అన్నది సగం లెక్కే. అందులో ఏమేం కలిసి ఉన్నాయన్నది మిగతా సగం. ట్రాక్ ఎంట్రీ ఫీజు వేరా, పెట్రోలు ఎవరిది, మెకానిక్ రోజంతా ఉంటాడా, టైరు అరుగుదలకి విడిగా వేస్తారా, సెషన్లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని నిమిషాలు. అన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

నష్టానికి వస్తువారీ ధరల పట్టిక అడగండి. లీవరు, క్లిప్-ఆన్, ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్, రేస్ ఫెయిరింగ్ ఒక్కో ముక్క, ఇంజిన్ కవర్, రిమ్ము. మామూలు స్లిప్‌లో పోయేవి ఇవే. పట్టిక ఇచ్చినవాళ్ల దగ్గర నమ్మకంగా తీసుకోవచ్చు. పడితే చూసుకుందాం సార్ అన్నవాళ్ల దగ్గర తీసుకోవద్దు, పడ్డాక చూసుకునేది వాళ్లు మాత్రమే. దానికి పైన గరిష్ఠ పరిమితి ఒకటి రాయించండి. కొత్త ఆర్‌సీ 390 షోరూం ధర మూడు లక్షలు దాటింది. పరిమితి లేని కాగితం మీద సంతకం చేస్తే అంత మొత్తానికీ మీరు పూచీ పడ్డట్టే. బండి బాగుచేయించే రోజుల్లో పోయిన అద్దె అని విడిగా వసూలు చేస్తారా అన్నది కూడా అడగాలి. ఈ షరతు చాలా ఒప్పందాల్లో చివరి పేజీలో ఉంటుంది.

ఇంజిన్ తనంతట తాను ఆగిపోతే మిగతా సెషన్ల డబ్బు తిరిగి వస్తుందా, లేక వేరే బండి ఇస్తారా? ఒకే ఒక్క బండి ఉన్న అద్దెవాడి దగ్గర ఈ ప్రశ్నకి మంచి జవాబు ఉండదు. రెండు బండ్లున్న టీముకి కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

బండి తీసుకునేటప్పుడు వీడియో తియ్యండి. లీవర్ చివరలు, బార్ ఎండ్లు, ఫుట్‌రెస్ట్ కొనలు, సైలెన్సర్, రెండు వైపులా ఫెయిరింగ్ అడుగుభాగం, రిమ్ముల అంచులు. అద్దె బండికి గీతలు ఉంటాయి, అది తప్పు కాదు. ఏ గీత ఎప్పటిదో తెలియాలి, అంతే.

సూటూ బూట్లూ

లెదర్ సూటు కూడా అద్దెకిస్తారు. నిలబడినప్పుడు కాస్త ఇరుకుగా, వంగి కూర్చున్నప్పుడు సరిగ్గా సరిపోవాలి. నిలబడితే హాయిగా ఉన్న సూటు పడ్డప్పుడు మెలితిరిగి, మోచేతి ప్యాడు మోచేయి మీద లేకుండా పోతుంది. రెండు ముక్కల సూటైతే జిప్పు నడుము చుట్టూ పూర్తిగా ఉండాలి. వీపు ప్రొటెక్టర్ విడిగా అడగండి, చాలా అద్దె సూట్లలో వీపు దగ్గర ఉండేది ఉత్త స్పాంజి ముక్కే. లోపల నూలు బనియను వేసుకుంటే చెమటకి అతుక్కుని సూటు తీయడమే కష్టమవుతుంది. పల్చని సింథటిక్ లోదుస్తులు నయం. హెల్మెట్టూ గ్లవ్సూ మాత్రం అద్దెకి తీసుకోవద్దు. హెల్మెట్ ఒకసారి పడిందో లేదో బయటికి తెలియదు. గ్లవ్స్ వేలికి సరిపోకపోతే బ్రేకు లీవర్ తెలియదు.

ఆ రోజు

ఒక చుట్టు రెండున్నర నిమిషాల్లో తిరిగితే సగటు వేగం 89 కిలోమీటర్లు. మొదటి రోజుకి అది మంచి వేగమే. 20 నిమిషాల సెషన్లో ఎనిమిది చుట్లు, అంటే 30 కిలోమీటర్లు. ఐదు సెషన్లకి 150 కిలోమీటర్లు. ట్రాక్ మీద ఆర్‌సీ 390 లీటరుకి 15 ఇచ్చిందనుకున్నా 10 లీటర్లు కావాలి. ఆర్15 కి ఇంకా తక్కువ. పొద్దున్నే హైవే బంకులో క్యానులో పోయించుకుని వస్తే మధ్యలో పరుగులు ఉండవు. ఇనుప క్యాను తీసుకెళ్లండి, నీళ్ల సీసాల్లో పెట్రోలు పొయ్యకూడదు.

తిన్నటి దారి చివర వచ్చే సీ1 (మొదటి మలుపు) వేగమైన కుడి మలుపు. ఈ ట్రాక్‌కి పేరు తెచ్చింది అదే. చిన్న బండ్ల మీద రేసర్లు దాదాపు రేజ్ తగ్గించకుండానే వెళ్తారు. దాన్ని చూసి అనుకరించొద్దు. అక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు వేగంగా రావడం కాదు, వచ్చాక మధ్యలో భయపడి రేజ్ ఒక్కసారిగా వదిలెయ్యడం. బరువంతా ముందుకి వచ్చి బండి నిటారుగా లేస్తుంది, మలుపు బయటి అంచుకి జరిగి మట్టిలోకి తీసుకెళ్తుంది. ముందే తగ్గించి, మలుపంతా రేజ్ కొద్దికొద్దిగా పెంచుతూ పోవడమే మందు. ట్రాక్ అంచు దాటి మట్టిలోకి వెళ్తే బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా పోనిచ్చి వేగం తగ్గాక ఆపండి.

పసుపు జెండా అంటే దాటొద్దు. ఎరుపు అంటే వేగం తగ్గించి పిట్‌కి రావాలి. పసుపు మీద ఎరుపు చారలుంటే ముందు నేల జారుతోంది, ఆయిలు పడి ఉండొచ్చు. పడిపోతే మొదట కిల్ స్విచ్. పక్కకి పడిన బండిలో ఆయిల్ పంపుకి ఆయిల్ అందదు, ఇంజిన్ ఆ కాసేపట్లోనే పోతుంది. స్విచ్ నొక్కే ధ్యాస లేకపోతే లీవర్ ఖర్చుతో పోయేది ఇంజిన్ ఖర్చు అవుతుంది. కానీ బండి దగ్గరికి పరిగెత్తేముందు వెనక ఎవరూ రావడం లేదని చూసుకోవాలి. మీ కంటే ముఖ్యమైన ఇంజిన్ లేదు.

చెన్నై ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ప్రతి సెషన్ తర్వాత సూటు పైభాగం విప్పేసి అర లీటరు నీళ్లు తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ ఇంకా మేలు. మూడో సెషన్ తర్వాత చేతివేళ్లు వణికితే నాలుగోది వదులుకోండి. డబ్బు కట్టాం కదా అని ఎక్కే ఆఖరి సెషన్లోనే ఎక్కువమంది పడతారు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం అన్నిటికన్నా అనుకూలం. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వాన పడితే డబ్బు తిరిగి ఇస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నది కూడా కాగితంలో ఉండాలి.

తిరిగి ఇచ్చేటప్పుడు

ఆఖరి సెషన్ అయ్యాక బండిని అలాగే అప్పగించి బస్సుకో రైలుకో పరిగెత్తకండి. ఇంజిన్ చల్లబడ్డాక మెకానిక్‌తో కలిసి పొద్దుటి వీడియో పక్కన పెట్టుకుని ఒక చుట్టు తిరిగి చూడండి. కొత్త గీత ఏదైనా ఉంటే అక్కడే ధరల పట్టిక ప్రకారం తేల్చి, అడ్వాన్సులో మిగిలింది వెంటనే ఫోనులో వేయించుకోండి, రేపు వేస్తామంటే కాదనండి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కి తాంబరం వెళ్లేవాళ్లు ఈ పనికి కనీసం ముప్పావుగంట ఉంచుకుని టికెట్ టైము చూసుకోవాలి. సాయంత్రం ఆ హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందో దానికి అదనం.